హైబ్రిడ్ ఆఫీసు నడపడం గురించి: హైదరాబాద్ రాయదుర్గంలో ఎక్కువమంది, విశాఖలో కొందరు, మిగతావాళ్లు ఇళ్ల నుంచి. మీ దగ్గర ఏం పనిచేసింది?

రాధిక_రాయదుర్గం:

అందరికీ నమస్తే. నేను హెచ్ఆర్‌లో ఉన్నాను. ఈ మధ్యే ఎంప్లాయీ ఎక్స్‌పీరియన్స్ కూడా చూసుకోమని అప్పగించారు, అంటే సీట్లు, భోజనాలు, కొత్తగా చేరినవాళ్లు, పండగలు, రెండు ఊళ్ల టీమ్‌లను కలపడం, అన్నీ నా మీదే. కంపెనీలో 300 మంది దాకా ఉంటాం. ఎక్కువమంది రాయదుర్గంలో, విశాఖ రుషికొండ దగ్గర ఒక చిన్న ఆఫీసు, ఇంకా గుంటూరు, నెల్లూరు, కరీంనగర్ లాంటి చోట్ల పూర్తిగా ఇంటి నుంచే చేసేవాళ్లు కొందరు.

వారానికి మూడు రోజులు రావాలని రూల్. ఏ మూడు రోజులో ఎవరూ చెప్పలేదు. దాంతో మంగళ, బుధవారాల్లో జనం సీటు కోసం ఫ్లోర్లన్నీ తిరుగుతున్నారు, శుక్రవారం చూస్తే లైట్లు వెలుగుతుంటాయి, మనుషులు ఉండరు. క్యాంటీన్ అతను ఒకరోజు అన్నం చాల్లేదని, ఇంకోరోజు మిగిలిపోయిందని వస్తున్నాడు. వీటన్నిటికంటే పోయిన వారం ఒకమ్మాయి అడిగిన మాట నన్ను ఆలోచనలో పడేసింది: "అక్కా, అంత దూరం నుంచి వచ్చి రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని విశాఖవాళ్లతో మాట్లాడి వెళ్లిపోతున్నాను, ఈ పని ఇంట్లో చేయలేనా?" ఆమె అడిగింది న్యాయమే. ఈ పని చేసినవాళ్లు, లేదా దీని వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు ఎవరైనా సరే, వివరంగా రాయండి.

ఉప్పల్_టు_హైటెక్:

రాధిక గారూ, ఆ అమ్మాయి బాధ నాకు రోజూ ఉన్నదే. మేముండేది ఉప్పల్ దాటి లోపలికి. బైక్ మీద మెట్రో దాకా వచ్చి, నాగోల్ రాయదుర్గం లైన్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి, అమీర్‌పేటలో ఎర్ర లైన్ జనం కూడా ఎక్కుతారు కాబట్టి అక్కడి నుంచి ఊపిరాడదు, దిగాక మళ్లీ ఆటో లేదా కంపెనీ షటిల్. దీనికి నేను విసుక్కోను, టీమ్ ఉంటే సంతోషంగా వస్తాను. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ముందు రోజుల్లో అందరం ఒక టేబుల్ చుట్టూ కూర్చున్నప్పుడు రెండు రోజుల చాటింగ్ పని గంటలో అయిపోతుంది, అది నేను కళ్లారా చూశాను. నాకు కోపం వచ్చేదల్లా నేను వచ్చిన రోజు మా టీమ్ లీడ్ ఇంట్లో ఉండి, ఆయన వచ్చిన రోజు నేను ఇంట్లో ఉండి, ఇద్దరికీ స్వైప్ లెక్క (గేటు దగ్గర కార్డు గీకిన హాజరు) సరిపోయి, నెల మొత్తంలో ఒక్కసారి కూడా కలవకపోవడం.

కాబట్టి మీరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఇది తేల్చండి. రోజులు కంపెనీ అంతటికీ ఒకేలా పెట్టొద్దు, మనిషి ఇష్టానికీ వదలొద్దు, టీమ్‌కి వదలండి. ఏ టీమ్ ఏ రెండు రోజులు కలిసి వస్తుందో వాళ్లే కూర్చుని నిర్ణయించుకోవాలి, ఆ రోజుల్లో లీడ్ తప్పకుండా ఉండాలి. మూడో రోజు ఎవరిష్టం వాళ్లది.

ఫెసిలిటీస్_శీనన్న:

పైన తమ్ముడు చెప్పింది సరైనదే, కాకపోతే టీమ్‌లకు వదిలితే అందరూ బుధవారమే అడుగుతారు. మా బిల్డింగ్‌లో అదే జరిగింది. అప్పుడు మేము సీట్ల మ్యాప్ ముందు పెట్టుకుని టీమ్ లీడ్‌లను పిలిచాం. రోజూ ఎవరితో పని ఉంటుందో చెప్పమన్నాం. డెవలప్‌మెంట్, టెస్టింగ్ ఒకే రోజుల్లో, పక్కపక్క వరసల్లో. ఫైనాన్స్‌కి, సపోర్ట్‌కి వాళ్లతో అంత పని ఉండదు కాబట్టి వాళ్లు సోమ, గురు తీసుకున్నారు. ఒక పూట కూర్చుంటే తేలిపోయే పని అది, ఎవరూ కూర్చోబెట్టక నెలల తరబడి అలాగే ఉంటుంది.

సీట్ బుకింగ్ యాప్ పెట్టారా? పెడితే ఒక ముఖ్యమైన విషయం. జనం బుక్ చేస్తారు, రారు. పొద్దున 11 దాకా స్వైప్ పడకపోతే సీటు దానంతటదే ఖాళీ అయ్యేలా పెట్టించండి. మీటింగ్ రూమ్‌కి అయితే పది నిమిషాలు చాలు. భోజనం లెక్కను ఆ బుకింగ్‌తోనే కలపండి, ముందురోజు సాయంత్రం 5 కి క్యాంటీన్ అతనికి అంకె వెళ్లిపోవాలి. మీరు యాప్ చూసుకుని రండి అని అతనికి చెప్పొద్దు, మీ డెస్క్ నుంచి ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపాలి. అతను తెల్లారుజామున కూరగాయలు తెచ్చుకునే మనిషి.

శుక్రవారం ఫ్లోర్లన్నీ తెరవొద్దు. ఒక్క ఫ్లోర్ తెరిచి వచ్చినవాళ్లందర్నీ అక్కడే కూర్చోబెట్టండి. ఏసీ, హౌస్‌కీపింగ్ ఖర్చు తగ్గుతుంది, అదొకటి. పదిమంది మూడు ఫ్లోర్లలో విడివిడిగా కూర్చుంటే ఆఫీసు చచ్చిపోయినట్టు ఉంటుంది, అదే పదిమంది ఒకచోట ఉంటే టీ తాగడానికి ఒకరికొకరు తోడుంటారు. ఇంకోటి, లాకర్లు ఇవ్వండి. సొంత సీటు లేనప్పుడు చెప్పులు, ఛార్జర్, కప్పు పెట్టుకునే చోటైనా ఉండాలి కదండీ.

లీడ్_వంశీ:

నేను కొంచెం వేరుగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. టీమ్‌లకు వదలడం వినడానికి బాగుంటుంది. నా కింద పన్నెండు మంది ఉన్నారు, ఒకరికి పిల్లల స్కూల్, ఒకరికి అత్తగారి డయాలసిస్, ఒకరికి సొంతూరు. నేను అడిగితే ఎవరి కారణం వాళ్లకుంటుంది, అందరివీ నిజమైన కారణాలే, అందులో ఎవరికి కాదు అని చెప్పాలి? పైనుంచి రూల్ వస్తే లీడ్ మీద ఈ భారం పడదు. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి ఐదు రోజులూ రమ్మంది, అమెజాన్ 2025 జనవరి నుంచి అదే చేసింది. వాళ్లకూ లెక్కలుంటాయి కదా. స్వైప్ రిపోర్ట్ లేకుండా ఏ పద్ధతీ నిలబడదని నా అభిప్రాయం.

మాధవి_డేటా:

వంశీ గారూ, మీ మీద పడే భారం గురించి మీరు చెప్పింది అర్థమైంది. ఐదు రోజులు వస్తేనే పని బాగా జరుగుతుందన్న మాటకు మాత్రం గట్టి ఆధారం కనపడదు. ట్రిప్.కామ్ అని చైనా ట్రావెల్ కంపెనీ ఒకటి ఉంది. అక్కడ 1,612 మందితో నిజమైన ప్రయోగం చేశారు. పుట్టిన తేదీ సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి చేసుకోవచ్చన్నారు, రెండో గుంపుని ఐదు రోజులూ రమ్మన్నారు. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన నికోలస్ బ్లూమ్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని 2024లో నేచర్ పత్రికలో అచ్చువేశారు. రెండేళ్ల పాటు చూసినా పనితీరు మార్కుల్లో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. ఆ తగ్గుదల ఎక్కువగా ఎవరిలో ఉందో చూడండి: ఆడవాళ్లు, మేనేజర్లు కానివాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు. మన ఉప్పల్ మిత్రుడు, రాధిక గారిని అడిగిన ఆ అమ్మాయి సరిగ్గా ఈ కోవలోకే వస్తారు.

అందులో నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. ఇంటి రోజులు ఎవరికి వాళ్లు ఎంచుకోలేదు, ఆ గుంపులో అందరికీ అవే రోజులు. అంటే మిగతా మూడు రోజులు అందరూ ఒకేసారి ఆఫీసులో ఉన్నారు. ప్రయోగం మొదలయ్యే ముందు అక్కడి మేనేజర్లు కూడా పని దెబ్బతింటుందనే అనుకున్నారు, అయ్యాక వాళ్ల అభిప్రాయం మారింది.

గుంటూరు_గోపి:

ఇంతసేపూ ఆఫీసుకి వచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఇంటి నుంచి చేసేవాడిగా నేనూ కొంచెం చెప్పుకుంటాను. మా నాన్నకి పక్షవాతం వచ్చాక గుంటూరు వచ్చేశాను, కంపెనీ ఒప్పుకుంది, దానికి కృతజ్ఞత ఉంది. కానీ ప్రతి మీటింగ్‌లో ఒకటే అవస్థ. హైదరాబాద్‌లో ఎనిమిది మంది ఒక గదిలో, మధ్యలో ఒక్క మైకు. దగ్గర కూర్చున్నవాళ్ల మాట వినిపిస్తుంది, చివర కూర్చున్నవాళ్లది వినిపించదు. అందరూ ఒక్కసారిగా నవ్వుతారు, ఎందుకో మనకు తెలియదు. మీటింగ్ అయ్యాక కాల్ కట్ చేసి కారిడార్‌లో అసలు విషయం తేల్చుకుంటారు, అది మాకు రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. రేటింగ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కనపడే మనిషే గుర్తుంటాడు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు, మనిషి మనసు అలాగే పనిచేస్తుంది. అందుకే పద్ధతి ఉండాలంటున్నాను.

కాల్‌లో ఒక్కరు బయట ఉన్నా సరే అందరూ ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్లు చేరాలి, గదిలో ఉన్నవాళ్లు కూడా. మైకు, స్పీకర్ మాత్రం ఒక్కరివే ఆన్‌లో ఉంచుకోండి, లేకపోతే గోల. కారిడార్‌లో తేలినది ఏదైనా అదే రోజు టీమ్ చాట్‌లో రెండు వాక్యాలు రాయాలి, రాసేదాకా అది నిర్ణయం కాదు. ఈ ఒక్క అలవాటు మా టీమ్‌లో వచ్చాక నాకు సగం టెన్షన్ పోయింది. ఇంకా మూడు నెలలకోసారి బయట ఊళ్లవాళ్లందర్నీ కంపెనీ ఖర్చుతో రప్పించండి, రైలు టికెట్, హోటల్ ముందే బుక్ చేసి. బిల్లులు పెట్టుకోండి తర్వాత ఇస్తాం అంటే చిన్న జీతాలవాళ్లు రాలేరు. వచ్చిన ఆ రెండు రోజుల్లో ప్రెజెంటేషన్లు పెట్టొద్దండీ, అవి ఎలాగూ తెర మీద చూడగలం. కలిసి పని చేయనివ్వండి, కలిసి తిననివ్వండి.

ఫ్రెషర్_2025:

నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఇక్కడ అందరూ ఇంటి నుంచి పని గురించి మంచిగా రాస్తున్నారు, నా పరిస్థితి పూర్తిగా వేరు. మాదాపూర్‌లో పీజీ హాస్టల్, గదికి ముగ్గురం, టేబుల్ లేదు, మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవాలి, పక్కమంచం అతను నైట్ షిఫ్ట్ కాబట్టి పగలు నిద్రపోతుంటాడు, గట్టిగా మాట్లాడలేను. నాకు ఆఫీసే బాగుంటుంది. కానీ చేరిన మొదటి వారం వెళ్తే మా వరసలో ఒక్కరూ లేరు. ఎవరినైనా డౌట్ అడగాలంటే మెసేజ్ పెట్టాలి, పెడితే చిన్న విషయానికి డిస్టర్బ్ చేస్తున్నానేమో అని పదిసార్లు రాసి కొట్టేసేవాడిని. పక్కన మనిషి ఉంటే స్క్రీన్ వైపు చూపించి అన్నా ఇదేంటి అని అడిగేస్తాం కదా.

లీడ్_వంశీ:

తమ్ముడూ, ఇది నేను మా టీమ్‌లో రేపే మాట్లాడతాను. నా కింద కూడా ఇద్దరు కొత్తవాళ్లున్నారు.

రాధిక_రాయదుర్గం:

ఫ్రెషర్ గారూ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. కొత్తవాళ్లకి మొదటి నెల ఒక తోడు మనిషిని ఇద్దామని, ఆ మనిషి ఆ నెలంతా కొత్తవాళ్లతో సమానంగా ఆఫీసుకి రావాలని అనుకుంటున్నాను. మరి ఆ తోడుగా ఉన్నవాళ్ల పని తగ్గించకపోతే ఎవరు ఒప్పుకుంటారు?

విజయలక్ష్మి_హెచ్ఆర్:

తగ్గించాలి రాధికమ్మా, తగ్గించి ఆ మాట వాళ్ల రివ్యూలో రాయాలి కూడా. లేకపోతే అది మంచి మనసున్నవాళ్ల మీద పడే అదనపు చాకిరీ అవుతుంది, ఏటా అదే ఇద్దరు ముగ్గురు చేస్తారు.

ఈ రంగంలో ఎక్కువ కాలం ఉన్నదాన్ని కాబట్టి రెండు విషయాలు గట్టిగా చెప్తాను. మొదటిది, స్వైప్ రిపోర్ట్ నీ చేతిలో పెట్టుకోకు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో అడిగే పని, ఆఫీసులో అందరూ బాగుండేలా చూసే పని, రెండూ ఒకే మనిషి దగ్గర ఉండకూడదు. నువ్వు ఫ్లోర్ మీదకి వస్తుంటే జనం తలదించుకునే రోజు వచ్చిందంటే ఆ అమ్మాయి నీతో మాట్లాడినట్టు ఇక ఎవరూ మాట్లాడరు. హాజరు సంగతి మేనేజర్లు చూసుకోవాలి, వాళ్ల జీతంలో ఆ పని ఉంది. నీకు ఏ రోజు ఎంతమంది వచ్చారన్న మొత్తం అంకె చాలు, పేర్లు వద్దు. ఇది మీ పైవాళ్లతో ఇప్పుడే మాట్లాడి రాతపూర్వకంగా తేల్చుకో, ఆరు నెలలు పోతే తేలదు.

రెండోది విశాఖ ఆఫీసు. అక్కడ పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 నాటిది, దాని ప్రకారం ఆ ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ అక్కడ విడిగా ఉండాలి, హైదరాబాద్ కమిటీ చాలదు. పై హోదాలో ఉన్న మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సంస్థ నుంచి ఒకరు. కమిటీ వివరాలు అందరికీ కనపడేలా గోడ మీద ఉండాలి. చిన్న ఆఫీసు కదా, అందరూ తెలిసినవాళ్లే కదా అని చాలాచోట్ల వదిలేస్తారు. అందరూ తెలిసినవాళ్లయిన చోటే నోరు విప్పడం కష్టం.

నందిని_ఇద్దరు_పిల్లలు:

విజయలక్ష్మి గారు చట్టం మాట ఎత్తారు కాబట్టి క్రెష్ (పని వేళల్లో చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సంగతి కూడా. 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థలో క్రెష్ సదుపాయం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణతో వచ్చింది ఇది, సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఉంది. చాలా కంపెనీలు దగ్గర్లోని డే కేర్‌తో ఒప్పందం చేసుకుంటాయి, అది మంచిదే. కానీ డే కేర్ వాళ్లు నెలకి లెక్కకడతారు, మనం వారానికి రెండు మూడు రోజులే వస్తాం. రాని రోజులకు కూడా కట్టాలి, ఇంటి దగ్గర ఇంకొకరిని పెట్టుకుని వాళ్లకూ కట్టాలి. రోజువారీ రేటు కోసం మీరు కంపెనీ తరఫున బేరమాడండి, మాలాంటివాళ్లం ఒక్కొక్కరం అడిగితే వాళ్లు పట్టించుకోరు.

ఇంకొక్కటి, ఇది మరీ మరీ చెప్తున్నాను. ఆఫీసు రోజులు ముందే చెప్పండి, చెప్పాక మార్చకండి. సోమవారం రాత్రి తొమ్మిదింటికి "రేపు క్లయింట్ వస్తున్నారు అందరూ రండి" అని మెసేజ్ వస్తే పిల్లలు లేనివాళ్లకి అదొక మెసేజ్, నాకు మా అమ్మని కూకట్‌పల్లి నుంచి రాత్రికి రాత్రి రప్పించుకోవడం.

డాలస్_రవి:

నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను, మా హైదరాబాద్ టీమ్‌తో రోజూ కాల్ ఉంటుంది. డాలస్ పొద్దున 9 అంటే ఎండాకాలంలో మీకు రాత్రి 7:30, నవంబర్ మొదటి ఆదివారం గడియారం మారగానే 8:30 అవుతుంది, మళ్లీ మార్చిలో వెనక్కి. మీ ఆఫీసు రోజుల్లో సాయంత్రం కాల్ పెట్టొద్దని మావాళ్లకి నేనే చెప్పాను. మనిషి పగలంతా ఆఫీసులో ఉండి, ఇంటికి వెళ్లే దారిలో ఫోన్‌లో కాల్‌లో ఉండి, ఇంటికెళ్లి మళ్లీ ల్యాప్‌టాప్ తెరుస్తుంటే అది రెండు ఉద్యోగాలు చేయడమే. ఇప్పుడు మా కాల్స్ మీరు ఇంట్లో ఉండే రోజులకు మార్చుకున్నాం. అమెరికా వైపు అడిగేవాళ్లు లేక ఆగిపోతుంది గానీ, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

ఫెసిలిటీస్_శీనన్న:

రవి గారూ మంచి మాట అన్నారు, ఆ నవంబర్ గడియారం మా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి ప్రతి ఏడూ తిప్పలే. కాల్ గంట ఆలస్యమవుతుంది, క్యాబ్ రోస్టర్ (ఏ బండి ఎప్పుడో రాసిన పట్టిక) పాత టైమ్‌కే ఉంటుంది, ఆడపిల్లలు కాల్ అయ్యేసరికి డ్రాప్ క్యాబ్ వెళ్లిపోయి ఉంటుంది. రాధిక గారూ, అక్టోబర్ ఆఖరి వారం, మార్చి మొదటి వారం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, రోస్టర్ మార్పించండి. రాత్రి డ్రాప్‌లో అమ్మాయి ఆఖరి మనిషి అయితే బండిలో గార్డ్ ఉండాల్సిందే, వెండార్ ఏం చెప్పినా ఒప్పుకోవద్దు.

వాన గురించి కూడా ముందే ఒక మాట అనుకోండి. 2023 జూలై వానల్లో సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలను ఏరియాల వారీగా విడతల్లో లాగౌట్ అవ్వమన్నారు. అలాంటి రోజు మధ్యాహ్నం మూడింటికి ఎవరు నిర్ణయం తీసుకుంటారు, మెసేజ్ ఎవరి నుంచి వెళ్తుంది, క్యాబ్‌లు ముందు ఎవరికి, ఇవి ఎండగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఉప్పల్_టు_హైటెక్:

పండగల గురించి ఎవరూ రాయలేదు. దయచేసి శుక్రవారం ఎత్నిక్ డే అని పెట్టి ఫొటోలు తీసి వదిలేయకండి. మా దగ్గర బతుకమ్మ టీమ్ రోజున పెట్టారు, ఆడవాళ్లే పూలు తెచ్చుకుంటామన్నారు, కంపెనీ మధ్యాహ్నం మూడు నుంచి మీటింగ్‌లు లేకుండా చేసింది అంతే. అంత బాగా ఎప్పుడూ జరగలేదు. రంజాన్ నెలలో ఇఫ్తార్ టైమ్‌కి ఇల్లు చేరేలా మా ముస్లిం మిత్రుల్ని త్వరగా వదిలారు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నల్ల బట్టల్లో చెప్పుల్లేకుండా వస్తే సెక్యూరిటీ ఆపకూడదని ముందే చెప్పి ఉంచారు. ఖర్చు లేని పనులివి. సంక్రాంతి వారం అయితే ఊరి నుంచి పని చేయనివ్వండి, విజయవాడ హైవే మీద ఆ ట్రాఫిక్‌లో అందరూ ఒకే రోజు వెళ్లి ఒకే రోజు రావడం నరకం. రెండు వారాలు అక్కడే ఉండి పని చేసుకుంటారు, అమ్మానాన్నలతో గడిపినట్టూ ఉంటుంది.

గుంటూరు_గోపి:

అవునన్నా. ఇంకా విశాఖకి, మా ఇళ్లకి పండగ స్వీట్ బాక్స్ పంపితే పండగ ముందే చేరేలా పంపండి. వారం తర్వాత వస్తే మనం గుర్తున్నామో లేదో తెలిసిపోతుంది.

రాధిక_రాయదుర్గం:

అన్నీ రెండుసార్లు చదివాను. వచ్చే నెల నుంచి ఇలా మొదలుపెడదామని మా డైరెక్టర్‌కి రాస్తున్నాను. టీమ్‌లు కలిసి వచ్చే రోజులు వారానికి రెండు. అవి ఏవో మూడు నెలలకోసారి లీడ్‌లతో కూర్చుని సీట్ల మ్యాప్ మీద తేల్చుకోవడం, మధ్యలో మార్చాలంటే రెండు వారాల ముందు చెప్పాలి. వంశీ గారూ, మీ ఇబ్బందికి నాకు తోచింది ఇది: రెండు రోజులు రాలేని కారణం ఉన్నవాళ్లు లీడ్‌కి కాకుండా హెచ్ఆర్‌కి చెప్పుకుంటారు, ఒప్పుకోవాలో వద్దో మేమే తేలుస్తాం, కారణం లీడ్‌కి తెలియాల్సిన పని లేదు. శుక్రవారం ఒకటే ఫ్లోర్. డే కేర్ బేరం ఈ వారమే మొదలుపెడతాను. స్వైప్ రిపోర్ట్ సంగతి విజయలక్ష్మి గారు చెప్పినట్టే అడిగాను, ఇంకా జవాబు రాలేదు, వదలను. విశాఖ కమిటీ కాగితాల మీద ఉంది, గోడ మీద లేదు. వచ్చే వారం నేనే వెళ్తున్నాను.

లీడ్_వంశీ:

కారణాలు హెచ్ఆర్ చూసుకుంటే నాకు చాలా తేలిక, మిగతాదానికి నేను ఒప్పుకుంటాను. హాజరు రిపోర్ట్ లీడ్‌లకు రావాలన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను.

విజయలక్ష్మి_హెచ్ఆర్:

లీడ్‌కి రావడంలో తప్పు లేదు వంశీ గారూ, అది రాధిక డెస్క్ మీదుగా రాకూడదు అంతే. రాధికమ్మా, విశాఖ వెళ్తున్నావు కదా, ఒక్క పూటకి వెళ్లి రాకు. వాళ్ల టీమ్ రోజు చూసుకుని వెళ్లి, ఆ రోజంతా వాళ్ల మధ్యే కూర్చుని నీ పని నువ్వు చేసుకో. అక్కడి నుంచే హైదరాబాద్ మీటింగ్‌లో చేరు, గోపి చెప్పిన మైకు సంగతి నీకే వినిపిస్తుంది.

ఫెసిలిటీస్_శీనన్న:

మ్యాప్ మీటింగ్‌కి క్యాంటీన్ అతన్ని, ట్రాన్స్‌పోర్ట్ వెండార్‌ని కూడా పిలవండి రాధిక గారూ. సీట్ల షీట్ నమూనా నా దగ్గర ఉంది, కంపెనీ వివరాలు తీసేసి రేపు ఇక్కడే పెడతాను.